మొటిమలు – మూలికావైద్యము
పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన కొన్ని విషయములు

గ్రామారోగ్యమనగానే మనకు మొదట తోచునవి త్రాగునీరు, మురుగు కాలువలు, దోమలు, టీకాలు. ఇవి ముఖ్యములే. కాని పంచాయతీ సమావేశములలో ఎన్నడును చర్చకు రాని చిన్న బాధ యొకటి ప్రతి గ్రామమునందును ఉన్నది. అది యుక్తవయస్సులోని బాలబాలికల ముఖములపై వచ్చు మొటిమలు. పండ్రెండవ ఏటినుండి ఇరువదినాలుగవ ఏటివరకు గల వయస్సులో నూటికి ఎనుబదియైదుగురికి ఏదో ఒక మేరకు ఇవి వచ్చునని వైద్యులు లెక్క కట్టియున్నారు. ప్రాణాపాయము లేని బాధ గనుక పెద్దలు దీనిని నవ్వి త్రోసివేయుదురు. బడికి పోవు పిల్లకు మాత్రము ఇది నవ్వులాట కాదు. నలుగురిలోనికి రాక, తలవంచుకొని తిరుగు పిల్లలు ఎందరో కలరు.

పెద్దలు పట్టించుకొననిచో పిల్లలు తమంతట తామే వైద్యము వెదకికొందురు. సంతలో మూలికల మూటతో కూర్చున్నవాని మాటయో, మందుల దుకాణములోని గుమాస్తా మాటయో, చేతిలోని ఫోనులో ఎవరో చెప్పిన చిట్కాయో వారికి వేదమగును. పోవలసిన మొటిమ పోకపోగా, జీవితాంతము నిలుచు మచ్చ మిగులును. నిజమునకు మన ఇండ్లలోను, పెరళ్ళలోను, మన వైద్యగ్రంథములలోను ఈ బాధకు పనికివచ్చు మూలికలు ఉన్నవి. వానిలో ఏది ఎంతవరకు పనిచేయును, ఏది హాని చేయును, ఎప్పుడు వైద్యుని యొద్దకు పోవలెను అను విషయములను పంచాయతీ సభ్యులకు వివరింపదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొటిమ ఎట్లు పుట్టును?

మన చర్మములో ప్రతి రోమకూపమునకును ఆనుకొని ఒక చిన్న గ్రంథి యుండును. అది చమురు వంటి పదార్థమును స్రవించి చర్మమును మెత్తగా ఉంచును. యుక్తవయస్సు రాగానే శరీరములో కొన్ని హార్మోనులు హెచ్చి ఈ గ్రంథులు ఎక్కువగా పనిచేయనారంభించును. అదే సమయమున రోమకూపపు లోపలి పొర రాలి, చమురుతో కలిసి రంధ్రమునకు బిరడా వలె అడ్డుపడును. మూతి మూసికొనియున్నచో తెల్లని పొక్కుగాను, తెరచియున్నచో నల్లని చుక్కగాను కనబడును. లోపల నిలిచిన చమురులో, సాధారణముగా చర్మముపై నుండు సూక్ష్మజీవులు పెరిగి వాపు, ఎరుపు, చీము కలిగించును. లోతుగా వాచినవి గడ్డలై, మానిన పిదప గుంటలు మిగుల్చును.

దీనినిబట్టి రెండు విషయములు స్పష్టమగుచున్నవి. మొదటిది, మొటిమలు మురికివలన రావు. నల్లని చుక్కలోని నలుపు కూడ మురికి కాదు. గాలి తగిలి రంగు మారిన పదార్థమే. కావున రోజునకు పదిసార్లు సబ్బుతో రుద్దిన యెడల తగ్గకపోగా చర్మము ఒరిసిపోయి బాధ పెరుగును. రెండవది, ఇవి చెడునడత వలన వచ్చునవి కావు. పెండ్లియైన పోవుననుటయు నిజము కాదు. ఇట్టి మాటలతో పిల్లలను నొప్పింపరాదు.

మన వైద్యగ్రంథములు చెప్పినది

ఆయుర్వేదమున దీనికి యౌవనపిడక, ముఖదూషిక అని పేర్లు. సుశ్రుత సంహిత నిదానస్థానము 13వ అధ్యాయమున దీనిని క్షుద్రరోగములలో చేర్చి, కఫము, వాతము, రక్తము దూషితమగుటచే యువకుల ముఖముపై పుట్టుననియు, బూరుగు చెట్టు ముళ్ళ వలె ఉండుననియు వర్ణించిరి. బూరుగు మ్రాను చూచినవారికి ఈ పోలిక ఎంత చక్కగా కుదిరినదో తెలియును. యౌవనమునకును మొటిమకును గల సంబంధమును ఆ కాలపు వైద్యులు పేరులోనే నిలిపిరి.

చికిత్సలో పైపూతకు పట్టులు, లోపలికి రక్తశోధకములను వాడుదురు. శార్ఙ్గధర సంహితలో చెప్పబడిన పట్టు ఈనాటికిని వైద్యులు వాడుచున్నదే: లొద్దుగ చెక్క, ధనియాలు, వస కొమ్ము నూరి ముఖమునకు పట్టించుట. లోపలికి ఇచ్చువానిలో మంజిష్ఠ, సుగంధపాల, చండ్ర చెక్క, వేప మొదలైనవి చేరిన కషాయములును, అరిష్టములును కలవు. సుశ్రుతుడు ఈ బాధకు వమనమును కూడ హితమని చెప్పెను. అది శిక్షణ పొందిన వైద్యుడు రోగి బలమును చూచి చేయించవలసిన చికిత్సయే కాని, ఎవరో చెప్పగా ఇంటిలో ఉప్పునీరు త్రాగి వాంతి చేసికొనుట కాదు. లోపలికి పుచ్చుకొను మందులన్నియు ఇట్టివే. వైద్యుని సలహా లేక వాడరాదు. గర్భిణులును, బిడ్డకు పాలిచ్చు తల్లులును ఈ విషయమున మరింత జాగరూకులై యుండవలెను.

ఇంటిలో వాడదగిన పైపూతలు

కొద్దిపాటి మొటిమలకు, అనగా నల్లని చుక్కలు, తెల్లని పొక్కులు, అక్కడక్కడ ఎర్రని చిన్న మొటిమలు ఉన్నపుడు, ఈ క్రింది వానిని వాడి చూడవచ్చును.

కలబంద: బాగుగా పెరిగిన మట్టను కోసి, కోసిన కొనను క్రిందికి వంచి కొంతసేపు నిలబెట్టవలెను. పచ్చగా, చేదుగా కారు రసము చర్మమును మండించును గనుక దానిని పూర్తిగా కార్చివేసి, మట్టను కడిగి, తొక్క తీసి, లోపలి తెల్లని గుజ్జును మాత్రమే పూయవలెను. ఎప్పటికప్పుడు తాజాగా తీసికొనుట మేలు.

వేప: దోసెడు లేత ఆకును కడిగి నీటిలో మరిగించి, చల్లార్చి, వడగట్టి ఆ నీటితో ముఖము కడుగుకొనవచ్చును. ఆకును మెత్తగా నూరి పలుచని పట్టుగాను వేయవచ్చును. వేపనూనెను మాత్రము లోపలికి పుచ్చుకొనరాదు. చిన్నపిల్లలకు అది విషముతో సమానము.

పసుపు: కొమ్ములను ఇంటిలో దంచుకొన్న పసుపు శ్రేష్ఠము. రంగు కలిపిన పొడులు బజారులో దొరకుచున్నవి గనుక ఈ జాగ్రత్త అవసరము. చిటికెడు పసుపును కలబంద గుజ్జులో కలిపి పూసిన చాలును.

లొద్దుగ, ధనియాలు, వస: ఈ మూడింటిని సమభాగములుగా ఎండబెట్టి, వేరు వేరుగా దంచి, వస్త్రగాళితము చేసి పొడి సీసాలో నిలువ చేసికొనవలెను. కావలసినపుడు ఒక చెంచాడు పొడిని నీటితో కలిపి పలుచగా పూసి, పూర్తిగా ఎండి బిగియకముందే, సుమారు పావుగంటకు, చల్లని నీటితో కడిగివేయవలెను. వారమునకు రెండు మూడు పర్యాయములకు మించనక్కరలేదు. వస ఘాటైనది; కొందరి చర్మమునకు పడదు.

పెసరపిండి: సబ్బు పడనివారు మెత్తని పెసరపిండితో రోజునకు రెండుసార్లు ముఖము కడుగుకొనవచ్చును. నలుగు పెట్టినట్లు గట్టిగా రుద్దరాదు.

ఏ మూలికనైనను ముఖమునకు పూయుటకు ముందు మోచేతి లోపలివైపున కొద్దిగా పూసి ఒక దినము చూడవలెను. దురద, మంట, దద్దురు కనబడిన యెడల అది ఆ మనిషికి పడదని తెలిసికొని మానవలెను. మూలిక గనుక హాని చేయదను మాట సరికాదు. ఇంకొక సంగతి: మొటిమల చికిత్సలో ఫలితము కనబడుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. నాలుగు దినములు పూసి, పనిచేయలేదని మరియొక దానికి మారుచుండువారికి ఏదియు పనిచేయదు.

పరీక్షలలో తేలినది ఏమి?

మన పూర్వుల అనుభవమును గౌరవించుచునే, ఈనాటి పరీక్షలలో తేలినదానిని గూడ పాఠకుల ముందు ఉంచుట మా విధి. 1990లో ఆస్ట్రేలియాలో 124 మంది రోగులపై ఒక పరీక్ష జరిగినది. ఆ దేశపు ‘టీ ట్రీ’ అను చెట్టు ఆకునుండి తీసిన తైలమును నూటికి 5 పాళ్ళుగా కొందరికి, బెంజాయిల్ పెరాక్సైడ్ అను మందును అంతే పాళ్ళలో మిగిలినవారికి ఇచ్చిరి. రెండును పనిచేసినవి. మూలికా తైలము నెమ్మదిగా పనిచేసినది, కాని దానివలన చర్మమునకు కలిగిన చికాకు తక్కువ.

మన దేశముననే 1995లో ప్రకటితమైన మరియొక పరీక్షలో నాలుగు ఆయుర్వేద యోగములను 82 మంది రోగులకు ఆరు వారములు ఇచ్చి, ఉత్తుత్తి మాత్రలతో పోల్చి చూచిరి. నాలుగింటిలో కొడిసెపాల, ఉసిరిక, వాయువిడంగము, శొంఠి చేరిన యోగము మాత్రమే మొటిమలను గణనీయముగ తగ్గించినది. దీనినుండి నేర్చుకొనదగినది కలదు: ఆయుర్వేద యోగమన్నంత మాత్రమున అన్నియు ఒకే విధముగా పనిచేయవు, అట్లని ఏదియు పనిచేయదనుటయు సరికాదు. 2014లో ఇరాను దేశములో 60 మందిపై జరిగిన పరీక్షలో, వైద్యులు వాడు ట్రెటినోయిన్ అను పూతమందునకు కలబంద గుజ్జును జోడించినపుడు ఫలితము మెరుగైనట్లు కనబడినది. ఇట మూలిక మందునకు బదులుగా కాక తోడుగా నిలిచినది.

2015లో కాక్రేన్ సంస్థవారు ఇట్టి చికిత్సలపై జరిగిన 35 పరీక్షలను, 3,227 మంది రోగుల వివరములను ఒకచోట చేర్చి పరిశీలించిరి. టీ ట్రీ తైలము, రక్తములో చక్కెరను త్వరగా పెంచని ఆహారము మొదలగువాని వలన కొంత ఉపయోగము ఉండవచ్చుననియు, కాని నిదర్శనములు బలహీనముగ నున్నవనియు వారు తేల్చిరి. కావున తీపి పదార్థములు, తీపి పానీయములు తగ్గించి, పప్పులు, ఆకుకూరలు, కూరగాయలు హెచ్చించుట మంచిది. దీనివలన వేరు మేలు కూడ కలుగును. తలకు పూసిన నూనె నుదుటిపైకి జారినచో అచ్చట మొటిమలు లేచుట వైద్యులెరిగిన విషయమే. దానిని తుడుచుకొనుట అలవాటు చేసికొనవలెను.

చేయకూడని పనులు

మొటిమను గోటితో గిల్లరాదు, నొక్కరాదు. నొక్కినచో చీము లోనికి పోయి మచ్చ పడును. ముక్కునకు, పై పెదవికి చుట్టునున్న భాగములోని రక్తనాళములకు మెదడువైపు సంబంధము ఉన్నది. అచ్చటి చీము ప్రాకి ప్రాణాపాయము తెచ్చుట అరుదే అయినను లేకపోలేదు.

జిల్లేడు పాలు, నల్లజీడి రసము, జీడిపిక్క తొక్కనూనె ముఖమునకు తాకరాదు. ఇవి చర్మమును కాల్చి బొబ్బలు లేపును. జిల్లేడు పాలు కంటిలో పడిన చూపునకే ప్రమాదము. నిమ్మరసము పూసి ఎండలోనికి పోయినచో చర్మము కమిలి నల్లని మచ్చలు పడును. పండ్లు తోముకొను పేస్టు, సోడాపొడి వంటివియు చర్మమును మండించునే కాని మొటిమను మాన్పవు.

అన్నింటికంటె ముఖ్యముగా గ్రామస్థులకు తెలియవలసినది స్టెరాయిడు క్రీముల సంగతి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అను పేర్లు గల క్రీములు కొన్ని చర్మవ్యాధులకు వైద్యుడు కొద్దిదినములు వాడుటకు ఇచ్చు మందులు. వీనిని ముఖము తెల్లబడునని, మొటిమలు పోవునని చెప్పి అమ్ముచున్నారు. పూసిన కొలది దినములలో ఎరుపు తగ్గి ముఖము నున్నబడినట్లు కనబడును. అదియే ఉచ్చు. కొన్ని వారములకు చర్మము పలుచనై, రక్తనాళములు బయటికి కనబడి, వెండ్రుకలు మొలచి, క్రొత్త మొటిమలు గుంపులుగా లేచును. మానినచో మంట, ఎరుపు భరింపరానివగును గనుక మరల పూయుదురు. 2011లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, దేశములోని 12 చర్మవైద్య కేంద్రములకు ముఖచర్మపు బాధలతో వచ్చిన 2,926 మందిలో 433 మంది ఇట్టి క్రీములను వాడుచున్నట్లు తేలినది. కేంద్ర ప్రభుత్వము 2018 మార్చిలో 14 స్టెరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేక అమ్మరాదని ఉత్తరువు చేసినది. ఇదివరకే చాలకాలముగా వాడుచున్నవారు ఒక్కసారిగా మానక, వైద్యుని సలహాతో మానవలెను.

కొందరు మోసగాండ్రు ఇట్టి స్టెరాయిడునే డబ్బాలో పోసి మూలికా లేపనమని అమ్ముటయు కలదు. రెండు మూడు దినములలో వింతగా పనిచేసిన పేరులేని లేపనమును శంకింపవలెను. తెల్లదనము తెచ్చునను కొన్ని క్రీములలో పాదరసము కూడ ఉండును. అది మూత్రపిండములను చెరచును.

వైద్యుని చూడవలసినదెప్పుడు?

లోతైన గడ్డలు, నొప్పి, గుంటలు పడుట మొదలైనపుడు ఇంటివైద్యముతో కాలము గడపరాదు. ఆలస్యమైన కొలది మచ్చ స్థిరమగును. ఆరు మొదలు ఎనిమిది వారములు పైపూతలు వాడినను గుణము కనబడనిచో వైద్యుని చూడవలెను. నేడు మంచి మందులున్నవి. వానిలో ఐసోట్రెటినోయిన్ అను మాత్ర గర్భస్థ శిశువునకు తీవ్రమైన అవకరములు కలిగించును గనుక స్త్రీలు వైద్యుని పర్యవేక్షణ లేక దానిని తాకరాదు.

మొటిమలతో పాటు ఋతుక్రమము తప్పుట, గడ్డముపై వెండ్రుకలు మొలచుట ఉన్న బాలికలకు అండాశయములకు సంబంధించిన దోషము ఉండవచ్చును, పరీక్ష చేయించవలెను. క్షయవ్యాధికి వాడు ఐసోనియాజిడ్ వంటి మందులవలన కొందరికి మొటిమల వంటి పొక్కులు వచ్చును. అట్టివారు క్షయ మందును తమంతట తాము మానరాదు, వైద్యునికి చెప్పవలెను. ముఖముపైనను, చెవి తమ్మెలపైనను గట్టి బుడిపెలు, స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చలు కనబడినచో అది మొటిమ కాకపోవచ్చును. కుష్ఠువ్యాధికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఉచితముగా మందులు ఇచ్చుచున్నారు. తొలిదశలో చికిత్స ఆరంభించిన పూర్తిగా నయమగును.

మూలికావైద్యమునే కోరువారికి అర్హులైన వైద్యులున్నారు. విజయవాడ, హైదరాబాదు నగరములలోని ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలకును, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాలకును అనుబంధముగా వైద్యశాలలు కలవు. హైదరాబాదులో చర్మవ్యాధులకు ప్రత్యేకించిన జాతీయ యూనానీ పరిశోధన సంస్థ ఉన్నది. సమీపమందలి ఆయుష్ డిస్పెన్సరీ ఎచ్చటనున్నదో ఆశా కార్యకర్త ద్వారా తెలిసికొనవచ్చును.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

రాజ్యాంగము 73వ సవరణతో చేర్చబడిన 11వ షెడ్యూలులో 23వ అంశము ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, డిస్పెన్సరీలు కూడ అందులో చేరియున్నవి. కావున ఇది పంచాయతీకి వెలిగానున్న విషయము కాదు. ఖర్చు లేకయో, స్వల్ప వ్యయముతోనో చేయదగిన పనులు ఇవి:

1. పంచాయతీ కార్యాలయము, పాఠశాల ఆవరణలలో కలబంద, వేప, ఉసిరిక, సుగంధపాల నాటించుట; తడి నిలుచు చోట వస వేయుట. ఔషధ మొక్కల పెంపకమును ప్రోత్సహించుటకు 2000లో జాతీయ ఔషధ మొక్కల బోర్డు ఏర్పడినది. అడవిలోని లొద్దుగ చెట్ల చెక్క ఒలిచి మ్రాకులను చంపుట కూడదు. శేషాచలపు ఎర్రచందనము నరకుట నేరము. దొంగసరకు కొనుటయు అట్టిదే.

2. గ్రామసభలోను, ఉన్నత పాఠశాలలోను ప్రధానోపాధ్యాయుల సహకారముతో స్టెరాయిడు క్రీములను గూర్చి ఒక్కసారియైనను చెప్పించుట. పది మొదలు పందొమ్మిది ఏండ్ల వయస్సు వారికై 2014లో ఆరంభమైన జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఇట్టి సలహాలిచ్చు సిబ్బంది ఆరోగ్య కేంద్రములలో ఉన్నారు. వారిని పిలువవచ్చును.

3. సంతలో మందులమ్మువాని సరకును చూచుట. ఆయుర్వేద మందులును 1940 నాటి ఔషధముల చట్టమునకు 1964లో జరిగిన సవరణ మూలమున లైసెన్సు పరిధిలోనికి వచ్చినవి. డబ్బాపై తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తయారైన తేదీ, గడువు తేదీ ఉండవలెను. ఇవి లేని మందును కొనవలదని చాటింపు వేయించి, ఔషధ తనిఖీ అధికారికి తెలియపరుపవలెను. మందులను గూర్చి అబద్ధపు ప్రకటనలు చేయుట 1954 నాటి చట్టము ప్రకారము శిక్షార్హము.

4. మహిళా సంఘముల సమావేశములలో తల్లులకు ఈ విషయములు చెప్పుట. పిల్ల ఏమి పూసికొనుచున్నదో తల్లికి తెలిసినంతగా మరెవరికి తెలియదు. పిల్లను కసరక అడిగి, డబ్బాపై పేరు చదివించుకొన్న చాలును.

మూలికావైద్యమును గ్రుడ్డిగా నమ్ముటయు, గ్రుడ్డిగా త్రోసివేయుటయు రెండును తగనివే. కలబంద మట్ట, వేపాకు, గుప్పెడు ధనియాలు ఎంత పనిచేయునో అంతవరకు వానిని వాడుకొందము; వాని శక్తికి మించినపుడు వైద్యుని ఆశ్రయింతము. మొటిమలు వయస్సుతో పోవును, మచ్చలు పోవు. ఆ మచ్చలు పడకుండ కాపాడుట కొద్ది తెలివిడితో జరుగు పని. ఆ తెలివిడిని గ్రామములోని ప్రతి ఇంటికి చేర్చు బాధ్యతను పంచాయతీ సభ్యులు వహింతురని ఆశించుచున్నాము.